ఒక అక్షరం ఎక్కువ

ఎన్. గోపిగారి "నానీలు" పుస్తకం చాలాకాలం నా బల్లమీద కాయితాలు ఎగిరిపోకుండా బరువుకి మాత్రమే పనికొచ్చింది. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. తెలుగు ఎం.ఏ. చదివి, కాలేజీలో ఏళ్ళ తరబడి ఛందస్సు చెబుతున్నవాణ్ణి. నాలుగు పంక్తులూ, ఇరవైకి తగ్గకుండా ఇరవై అయిదుకి మించకుండా అక్షరాలూ ఉంటే చాలునంటే, "గణాలేవీ? యతి ఏదీ?" అని నవ్వేసేవాణ్ణి.

నిరుడు మా బి.ఏ. కుర్రాడొకడు నోటుపుస్తకం పట్టుకుని వచ్చాడు. "నానీలు రాశానండీ, చూస్తారా?" అన్నాడు. మొదటిది వాళ్ళ నాన్నమీద. ఆయన పోయాక కూడా వాళ్ళమ్మ రోజూ ఆయన సైకిలు తుడుస్తోందట. నేను పెన్సిలు తీసి లెక్కపెట్టాను. "ఇరవయ్యారొచ్చాయోయ్. ఒక అక్షరం ఎక్కువ" అన్నాను. "అలాగేనండీ" అని పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర ఈ ముచ్చట చెబితే మా ఆవిడ నవ్వలేదు. "పాపం, వాళ్ళ నాన్న పోయి ఎన్నాళ్ళయిందిట?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రే కాయితాల మీంచి పుస్తకం తీశాను. 1997లో ఒక దినపత్రికలో వరసగా వచ్చి, తరవాత పుస్తకమైన కవితలివి. నానీలంటే నావీ, నీవీ అని కవిగారి వివరణ. మొదటి రెండు పంక్తుల్లో ఒక సంగతి చెప్పి, తరవాతి రెండింట్లో దాన్ని మలుపు తిప్పుతారు. ఈ నడక ఎక్కడో ఎరిగినదే అనిపించింది. గోపిగారు వేమనమీద పరిశోధన చేసినవారు. వేమన పద్యంలోనూ తరచు రెండు పాదాల్లో మాట, మూడో పాదంలో దెబ్బ, నాలుగోది మకుటం. చిన్నప్పుడు ఆటవెలది గణాలు లెక్కపెట్టుకునా మనం వేమన్నని నేర్చుకున్నది?

అన్ని నానీలూ నాకు నచ్చాయనను. కొన్ని చమత్కారం దగ్గరే ఆగిపోయాయి. అక్షరాలు కుదరడం తేలిక, మలుపు కుదరడం కష్టం. కుదిరినచోట మాత్రం పేజీ తిప్పబుద్ధి కాలేదు. మా కుర్రాడి సైకిల్లో ఆ మలుపుంది. నేను చూసింది ఇరవయ్యారో అక్షరాన్ని.

మర్నాడు వరండాలో అతన్ని ఆపి, "మీ నాన్నగారు ఏం చేసేవారోయ్?" అన్నాను. గంట కొట్టేదాకా చెబుతూనే ఉన్నాడు. నోటుపుస్తకం మాత్రం ఇంతవరకూ మళ్ళీ తేలేదు. తెమ్మని అడుగుతూనే ఉన్నాను.