సైకిలు చట్రం: ఉక్కు పేరు ముఖ్యమా, కొలతలు ముఖ్యమా?

సైకిలు కొనేటప్పుడు మనం ముందుగా దేన్ని చూస్తాం? రంగు, గేర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, ఆ తర్వాత ధర. చట్రాన్ని పరిశీలించేవాళ్ళు తక్కువ. టైర్లు, చెయిను, బ్రేకులు, సీటు అరిగిపోతాయి, మార్చుకుంటాం. ఏళ్ళ తరబడి మనతో ఉండేది చట్రమే. దాన్ని తప్పుగా ఎంచుకుంటే ఎన్ని కొత్త భాగాలు బిగించినా ఆ లోపం పోదు.

బిలాస్‌పూర్‌నే తీసుకుందాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ రైల్వే పట్టణంలో ఉన్నాయి. అలాంటి ఇంటి కాలేజీ విద్యార్థికి సైకిలుతో ఎన్ని పనులో చూడండి. కోనిలోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాలి. బుధ్వారీ బజారు నుంచి బియ్యం మూట తేవాలి. సెలవు రోజున పాతిక కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్ దాకా పోయి రావాలి. పనికొక సైకిలు కొనలేం కదా! ఒక్క చట్రమే అన్నిటికీ సరిపోవాలి.

దుకాణంలో కొన్ని చట్రాల మీద 'హై టెన్సైల్' అనీ, ఇంకొన్నిటి మీద 'క్రోమోలీ' అనీ స్టిక్కర్లు ఉంటాయి. వీటి అర్థం తెలియాలంటే ఇంట్లోనే ఒక ప్రయోగం చేయవచ్చు. 2 మిల్లీమీటర్ల మందం గల సైకిలు చక్రపు పుల్ల ఒకటి, అంతే మందం గల మెత్తని ఇనుప తీగ ఒకటి తీసుకోండి. రెండింటినీ బల్ల అంచున 20 సెంటీమీటర్లు బయటికి ఉండేలా గట్టిగా బిగించండి. చివర 50 గ్రాముల బరువు వేలాడదీయండి. రెండూ దాదాపు సమానంగా, ఒక సెంటీమీటరు లోపే వంగుతాయి. ఇప్పుడు 300 గ్రాములు వేలాడదీసి, తీసేయండి. పుల్ల మళ్ళీ నిటారుగా లేస్తుంది. తీగ వంగినది వంగినట్లే ఉండిపోతుంది.

దీన్నిబట్టి ఏం తెలిసింది? కొద్ది బరువుకు ఎంత వంగుతుందన్నది యంగ్ గుణకం మీద ఆధారపడుతుంది. ఉక్కు ఏ రకమైనా అది సుమారు 200 గిగాపాస్కల్సే. ఎంత బరువు దాకా వంగి మళ్ళీ లేస్తుందన్నది మాత్రం ఉక్కు రకాన్నిబట్టి మారుతుంది. సుమారు 1 శాతం క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం, 0.3 శాతం కార్బన్ కలిసిన క్రోమోలీ ఉక్కు ఈ రెండో విషయంలో మామూలు మెత్తని ఉక్కు కన్నా చాలా మెరుగు. కాబట్టి దానితో గొట్టాలను పలుచగా చేయవచ్చు. అతుకుల దగ్గర 0.9 మిల్లీమీటర్లు, నడుమ 0.6 మిల్లీమీటర్లు మందం గల గొట్టాలు కూడా ఉన్నాయి. బరువు తగ్గుతుంది. కాని అదే వ్యాసం, అదే మందం ఉంటే క్రోమోలీ చట్రం మామూలు ఉక్కు చట్రం కన్నా బిగువుగా ఏమీ ఉండదు.

మరి బిగువు ఎక్కడి నుంచి వస్తుంది? గొట్టం వ్యాసం నుంచి. పలుచని గొట్టం వంగకుండా నిలిచే శక్తి వ్యాసం ఘనానికీ, మందానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసాన్ని రెట్టింపు చేసి మందాన్ని సగం చేస్తే బరువు మారదు, బిగువు మాత్రం నాలుగింతలవుతుంది! అలాగని పెంచుకుంటూ పోలేం. మరీ పలుచనైతే డబ్బా రేకులా సొట్టపడుతుంది.

బిలాస్‌పూర్ వాసులకు రోజూ కనిపించే ఉక్కు మరొకటి ఉంది. అది రైలు పట్టా. అదే రాష్ట్రంలోని భిలాయిలో పట్టాలు తయారవుతాయి. చక్రాల ఒరిపిడికి అరగకుండా వాటిలో కార్బన్ ఎక్కువ ఉంచుతారు. అంత కార్బన్ ఉంటే మామూలు పద్ధతిలో వెల్డింగ్ చేసినచోట పెళుసుబారుతుంది. సైకిలుకు అది పనికిరాదు. అంటే 'గట్టి ఉక్కు' అన్నంత మాత్రాన సరిపోదన్నమాట.

అల్యూమినియం తేలిక. అయితే ఉక్కుకు ఒక సుగుణం ఉంది. ప్రతిబలం ఒక హద్దు లోపల ఉన్నంతవరకు లక్షల కుదుపులు తగిలినా శ్రాంతి వల్ల పగుళ్ళు రావు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. పైగా ఉక్కు చట్రం విరిగితే చిన్న ఊళ్ళో కూడా అతికేవారు దొరుకుతారు.

ఇక కొలతలు. నా దృష్టిలో స్టిక్కరు కన్నా ఇవే ముఖ్యం. చట్రానికి అటొక కాలు, ఇటొక కాలు వేసి పాదాలు నేలకు ఆనించి నిలబడితే పై గొట్టానికీ శరీరానికీ మధ్య మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు వరకు 45 సెంటీమీటర్లు, అంతకు కొంచెం పైన ఉంటే మంచిది. పందెం సైకిళ్ళలో ఇది 41 దగ్గర ఉంటుంది. అక్కడ సంచి కట్టండి, మడమ తగులుతుంది. సంచిని వెనక్కి జరిపితే బరువు ఇరుసు దాటిపోయి హేండిల్ తేలిపోతుంది.

టైరుకూ చట్రానికీ మధ్య వేలు దూరేంత చోటు, మడ్గార్డుకూ క్యారియర్‌కూ బిగింపు రంధ్రాలు తప్పనిసరి. వెనక ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉంటే చక్రాన్ని జరిపి చెయిను బిగించుకోవచ్చు, గేర్లు లేకుండా కూడా నడపవచ్చు. మన పాతకాలపు 28 అంగుళాల సైకిలు రిమ్ముపై టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు, ఇప్పటి 700సి రిమ్ముకు 622. ఆ చట్రంలో కొత్త చక్రం పెడితే చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్లు మిగులుతుంది. కాని బ్రేకు అందుతుందో లేదో చూసుకోవాలి. కడ్డీ బ్రేకులూ, ఇనుప రిమ్ములూ వానలో సరిగా పట్టవు. అందుకని ఫోర్కు తలకు తీగ బ్రేకు బిగించే రంధ్రం ఉందేమో చూడండి.

పాత చట్రం కొంటున్నారా? హేండిల్ గొట్టం కింద, వాలు గొట్టం అడుగుభాగాన వేలితో రాయండి. రంగు ముడతపడి ఉబ్బుగా తగిలితే అది ఎక్కడో ఎదురుగా గుద్దుకున్నదే. ధర ఎంత తగ్గించినా వద్దు. తర్వాత ఒక దారాన్ని వెనక గాడికి కట్టి, హేండిల్ గొట్టం చుట్టూ తిప్పి రెండో గాడికి లాగి కట్టండి. సీటు గొట్టం నుంచి దారానికి రెండు వైపులా దూరం సమానంగా రావాలి. రాకపోతే చట్రం వంకర పోయిందన్నమాట.

చివరగా సీటు కడ్డీ తీసి గొట్టం లోపలికి టార్చి వేసి చూడండి. తుప్పు బయట కన్నా లోపలే ముందు తింటుంది. వాన నీరు సీటు గొట్టంలోంచి దిగి పెడల్ ఇరుసు గూట్లో నిలుస్తుంది. ఆ గూటి అడుగున చిన్న రంధ్రం ఉంటే నీరు జారిపోతుంది. ఏటా వానలకు ముందు గొట్టాల్లో రెండు చెంచాల నూనె పోసి చట్రాన్ని అటూ ఇటూ వంచి తిప్పితే చాలు.