పున్నమి పోటుకు ఉప్పెన తోడైతే...

2021 మే 26, వైశాఖ పౌర్ణమి. ఆ రోజు ‘యాస్’ తుపాను ఒడిశాలోని బాలాసోర్ సమీపంలో తీరం దాటింది. పొరుగున ఉన్న పశ్చిమ బెంగాల్‌లో సముద్రం దిఘా పట్టణంలోకి చొచ్చుకువచ్చింది. సుందరవనాల దీవుల్లో కరకట్టలు తెగి ఉప్పునీరు పొలాలను ముంచెత్తింది. తుపాను తెచ్చిన ఉప్పెనకు పౌర్ణమి నాటి పెద్ద పోటు తోడుకావడం ఇందుకు ఒక ప్రధాన కారణం.

సముద్రపు నీరు తీరంపైకి పొంగడం పోటు, వెనక్కి తగ్గడం ఆటు. చంద్రుడి ఆకర్షణే వీటికి మూలం. అయితే ఆ ఆకర్షణ భూమిపై అంతటా ఒకేలా ఉండదు. చంద్రుడికి ఎదురుగా ఉన్న నీటిపై అది భూకేంద్రంపై కంటే ఎక్కువ, అవతలి వైపు నీటిపై తక్కువ. ఈ వ్యత్యాసం వల్లనే రెండు వైపులా నీరు ఉబుకుతుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది కనుక చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. చంద్రుడు కూడా తన కక్ష్యలో ముందుకు సాగుతుండడంతో పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది.

సూర్యుడి ద్రవ్యరాశి చంద్రుడి కంటే దాదాపు 2.7 కోట్ల రెట్లు ఎక్కువ. కానీ సూర్యుడు దాదాపు 390 రెట్లు దూరంలో ఉన్నాడు. దూరం రెట్టింపైతే పోటును కలిగించే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే సూర్యుడి ప్రభావం చంద్రుడి ప్రభావంలో సగానికి కొంచెం తక్కువ. అమావాస్య, పౌర్ణమి నాడు సూర్యుడు, భూమి, చంద్రుడు దాదాపు ఒకే వరుసలోకి వస్తాయి. రెండు ప్రభావాలూ కలిసి పోటు ఎత్తు పెరుగుతుంది. అష్టమి ప్రాంతంలో అవి లంబకోణంలో ఉండి, పోటు తగ్గుతుంది. యాస్ తీరం దాటిన రోజున చంద్రుడు తన కక్ష్యలో భూమికి అతి చేరువ స్థానంలో కూడా ఉన్నాడు.

తీరం ఆకృతి కూడా ముఖ్యమే. విశాఖపట్నంలో పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు. గరాటులా ఇరుకయ్యే ఖంభాత్ సింధుశాఖలో, గుజరాత్‌లోని భావనగర్ వద్ద అది 10 మీటర్లు దాటుతుంది.

సూర్యచంద్రుల గమనం ముందే తెలుసు కాబట్టి పోటు వేళలనూ ముందే లెక్కగట్టవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఈ పట్టికలను ప్రచురిస్తుంది. తుపాను తీరం దాటే గంట మాత్రం చివరి రోజుల్లోనే స్పష్టమవుతుంది. ఆ గంట పోటు వేళతో కలిస్తే ముంపు లోపలికి వ్యాపిస్తుంది, ఆటు వేళ అయితే అదే ఉప్పెన తీవ్రత తగ్గుతుంది.

తుపాను హెచ్చరికల్లో ‘ఖగోళ పోటు మట్టానికి పైన ఇన్ని మీటర్లు’ అని చెప్పడం ఇందుకే. ఆ అంకె ఉప్పెన ఎత్తు మాత్రమే. ఆ వేళకు ఉండే పోటును దానికి కలిపితేనే తీరవాసులకు ఎదురయ్యే నీటిమట్టం తెలుస్తుంది.