సజావుగా నడచుచున్న పాత సర్వరు

న్యూజిలాండు ఉత్తరద్వీపమున, వెల్లింగ్టను నగరమునకు ఉత్తరముగా నున్న లెవిన్ అను చిన్న పట్టణము పేరు మన పాఠకులలో పెక్కుమంది విని యుండరు. కాని నేడు మన దేశమున ఎన్నో కళాశాలల గ్రంథాలయములలో పుస్తకముల రాకపోకలకు లెక్క చూచుచున్న ‘కోహా’ అను సాఫ్ట్‌వేరు ఆ యూరి గ్రంథాలయపు అవసరము నుండియే పుట్టినది. 1999లో హొరోఫెనువా గ్రంథాలయ ట్రస్టు వాడుచుండిన కంప్యూటరు వ్యవస్థ నిత్యకృత్యములను నిరాటంకముగా నెరవేర్చుచునే యుండెను గాని, 2000వ సంవత్సరపు తారీకులను గ్రహింపజాలనిదై యుండెను. శాఖా గ్రంథాలయములకు ఖరీదైన ప్రత్యేక తీగలు వేయించుకొను స్తోమత లేని ఆ సంస్థకు, వెల్లింగ్టనులోని కాటిపో కమ్యూనికేషన్స్ వారు, సాధారణ టెలిఫోను తీగపై మోడెముతోనే నడువగల క్రొత్త వ్యవస్థను లినక్సు పునాదిగా వ్రాసి యిచ్చిరి; 2000 జనవరిలో అది పనికి దిగినది, ఆ యేడే లోకమున కెల్ల ఉచితముగా విడుదలయ్యెను.

ఆ గ్రంథాలయపు భాగ్యమేమనగా, పాత యంత్రపు అంత్యదినము క్యాలెండరుపై అందరికిని కనబడుట. నేటి లినక్సు సర్వర్లకును అట్టి దినము కలదు: డెబియను సంచికలును, ఉబుంటు దీర్ఘకాలిక సంచికలును సుమారు ఐదేండ్లు రక్షణసవరణలు పొందును; సెంటాస్ 7 ఆయువు 2024 జూన్ 30న తీరినది. అయితే ఆనాడు యంత్రము ఆగిపోదు. యథాప్రకారము నడచుచునే యుండును, అందుచేతనే దాని నెవరును పట్టించుకొనరు. 2007లో న్యూజిలాండు ప్రభుత్వము వేసవి గడియారపు కాలమును పొడిగించినపుడు, సవరణలు మానుకొన్న సర్వరుకు ఆ నిర్ణయము తెలియు మార్గమే లేదు. సెప్టెంబరు చివరి ఆదివారమున ఊరంతయు గంట ముందుకు జరిగినను, అది పాత వేళనే పట్టుకొని కూర్చుండును.

ఇట్టి పాత సర్వరును మార్చు ప్రణాళిక యనగా మొదట ఆ యంత్రముపై ఏమేమి నడచుచున్నవో, వాని నెవరు వాడుచున్నారో తెలిసికొనుట. ఎన్నడో ఒక ఉద్యోగి అమర్చి వెళ్లిపోగా రాత్రివేళ తనంతట నడచుచుండు చిన్న స్క్రిప్టు ఏ పట్టికలోను కానరాదు. తరువాతిది బ్యాకప్, దానిని తీయుట కంటె, వేరొక యంత్రముపై తిరిగి నిలబెట్టి చూచుట ముఖ్యము. ఒక సంచికను దాటి మరియొకదానికి దుముకుటను డెబియను ఆమోదింపదు గనుక, మూడు తరములు వెనుకబడిన సర్వరును మెట్టుమెట్టుగా ఎక్కించుట కంటె, ప్రక్కనే క్రొత్త సర్వరును నిర్మించి సమాచారమును మాత్రము తరలించుట మేలని నా యభిప్రాయము.

అసలు చిక్కు ఆ తరలింపులోనే యున్నది. పూర్వపు మైఎస్‌క్యూఎల్ డేటాబేసు తనంతట వాడుచుండిన లాటిన్-1 లిపిసంకేతమున, న్యూజిలాండు మూలవాసుల మావోరీ భాషలో దీర్ఘమును తెలుపు నెత్తిగీత గల అచ్చులకు చోటే లేదు. తెలుగక్షరముల మాట చెప్పనక్కరయే లేదు. యూనికోడులోనికి మార్చునపుడు ఒక్క అమరిక తప్పినచో రచయితల పేర్లు ప్రశ్నార్థకముల వరుసలగును. పుస్తకముల సంఖ్య సరిపోయినదని సంతోషించువారికి ఈ నష్టము కానరాదు. మావోరీ పేర్లనే వెదకి చూడవలెను.

క్రిస్మసు మొదలు జనవరి తొలి దినముల వరకు న్యూజిలాండులోని కార్యాలయములు పెక్కు మూతపడును గనుక అపుడే పని ముగింపవచ్చునను ఆశ కలుగును. కాని పని చెడినచో పిలిచినను పలుకువారుండని కాలమును అదియే. ఫిబ్రవరిలో ఒక శనివారపు రాత్రి, ఏ గంటకు పని కుదురకున్న వెనుకకు మరలవలెనో ముందే వ్రాసికొని చేయుట ఉచితము. పాత యంత్రమును నెట్‌వర్కు నుండి విడదీసినను, ఏప్రిల్ మొదటి ఆదివారమున గడియారములు వెనుకకు మరలి, క్రొత్త సర్వరు ఆ గంటను సరిగా పట్టుకొనెనని తేలువరకైనను చెరపక యుంచవలెను.