టవర్‌కి వినబడని ఫోను

పాతబస్తీలో పాత దేవిడీల లోపలి గదుల్లో ఉండేవాళ్ళకి ఈ తిప్పలు కొత్త కాదు. ఫోన్లో అవతలి మనిషి మాట శుభ్రంగా వినబడుతుంది, మన మాటే అటు పోదు. ‘ఆవాజ్ ఆరీ క్యా?’ అని అరుస్తూ గల్లీలోకి రావాలి. టెలిఫోన్ల శాఖలో చేసి రిటైరయినవాణ్ణి గనక గౌలిపురాలో నన్నే అడుగుతారు: "టవర్ ఫుల్లుంది గదా అంకుల్, మరి ఇదేంది?"

ఫోను తెర మీద కనబడే ఆ గీతలు చూపేది టవర్ నుంచి మనకొచ్చే బలాన్ని. టవర్ పదుల వాట్లతో పంపిస్తే, జేబులోని ఫోను మామూలుగా 0.2 వాట్లకు మించదు. చార్మినార్ మీంచి మైకులో మాట్లాడేవాడికి లాడ్‌బజార్ గుంపులోంచి ఒట్టి గొంతుతో జవాబివ్వడమే ఇది. పైగా మధ్యలో డంగుసున్నం గోడలు.

ఫోను బలం పెంచొచ్చు కదా? ఉన్న బలాన్నే పూర్తిగా వాడుకోలేం. పంపే తరంగంలో ఎగుడుదిగుళ్ళు ఎక్కువైతే, శిఖరాల దగ్గర ఆంప్లిఫయర్ దాన్ని వంకర చేసేస్తుంది. అందుకని కాస్త తగ్గించి నడుపుతారు. తరంగాన్నే నునుపు చేస్తే తగ్గించే పని ఉండదు. వేగం తగ్గుతుంది గానీ మాట దూరం పోతుంది. ‘పై బై టూ బీపీఎస్‌కే’ అనే ఈ పద్ధతిని 2018లో పూర్తయిన 5జీ తొలి నిబంధనల్లో చేర్చాలని గట్టిగా వాదించినవాళ్ళలో ఆచార్య కిరణ్ కూచి, ఆయన ఐఐటీ హైదరాబాద్ బృందం ఉన్నారు.

ఇలాంటి పరిశోధనలకి చైనాలో టెలికాం, ఎలక్ట్రానిక్స్ చదువుల కోసమే విశ్వవిద్యాలయాలు కట్టారు. బీజింగ్‌లో 1955లో, చెంగ్డూలో 1956లో. షియాన్‌లోని షిడియన్ అయితే 1931లో ఎర్రసైన్యం పెట్టుకున్న రేడియో బడిలోంచి పుట్టింది. మన దగ్గరేమో, 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై, తర్వాత కందికి మారిన ఐఐటీ హైదరాబాద్‌లో ఈ చదువు అనేక చదువుల్లో ఒకటి.

టవర్‌కీ టవర్‌కీ నడుమ 6 కిలోమీటర్ల దూరం ఉండే పల్లెల్ని కూడా 5జీ పరీక్షల లెక్కలోకి తీసుకోవాలని భారత్ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్యని ఒప్పించింది. ఆ నునుపు తరంగాన్నే వాడుకుంటూ ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్, వైర్‌లెస్ పరిశోధన కేంద్రం సెవిట్ కృషితో తయారైన ‘5జీఐ’ అనే దేశీ ప్రమాణానికి అదే సమాఖ్య 2020 నవంబరులో ఆమోదం తెలిపింది. కానీ ఒక్క దేశం కోసం వేరే ఫోన్లు, వేరే టవర్లంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. చివరికి 2022లో వెలువడిన ప్రపంచ నిబంధనల్లోనే దాన్ని కలిపేశారు. దేశీ ముద్ర పోయిందని మా పాత సహోద్యోగులు ఇంకా గొణుగుతారు. కలపడమే మంచిదయిందని నేనంటాను. ఎవరూ వాడని సొంత ప్రమాణాన్ని ఏం చేసుకుంటాం?

అయితే ఒక మెలిక ఉంది. మనం ఎక్కువగా వాడే 5జీ బ్యాండ్లలో ఈ నునుపు తరంగం ఫోనుకి తప్పనిసరి కాదు, తయారీదారు ఇష్టం. ఇటు ఫోనులోనూ అటు టవర్లోనూ రెండుచోట్లా ఉంటేనే పనిచేస్తుంది. కొనేటప్పుడు చూసుకుందామంటే డబ్బా మీద ఆ ముక్క రాయరు. కెమెరా మెగాపిక్సెళ్ళు మాత్రం బొద్దక్షరాల్లో ఉంటాయి.