గ్రంథసూచీ బోధన: సామాజిక సాంకేతిక సాధనములు

మన దేశమున గ్రంథాలయ శిక్షణ 1911లో బరోడాలో బోర్డెన్ చేతను, 1915లో లాహోరులో డికిన్సన్ చేతను ఆరంభింపబడినది. నేటికిని తరగతిలో విద్యార్థి వ్రాసిన సూచీపత్రమును సామాన్యముగా గురువు మాత్రమే చూచును. మార్కులు పడిన పిదప దానితో ఎవరికిని పనిలేదు.

ఈ కొరత భారతీయ నామముల యెడ బయటపడును. తెలుగున ఇంటిపేరు ముందు వచ్చును. ఆంగ్లలిపిలో విడదీసి, చివరి మాటను శీర్షికగా గైకొన్నచో శ్రీరంగం శ్రీనివాసరావు 'రావు'ల రాశిలో కలసిపోవును. శ్రీశ్రీ యని వెదకు పాఠకునకు ఆయన దొరకడు. తమిళులలో పెక్కురకు తండ్రిపేరి పొడియక్షరమే గలదు.

2012లో వెలసిన వికీడేటాలో వ్యక్తికొక సంఖ్య. దాని క్రింద ఎన్ని భాషల రూపములైనను, కలంపేర్లైనను ఇముడును. విద్యార్థి అచట వ్రాసినదానిని అపరిచిత పాఠకుడు దిద్దవచ్చును, పూర్వరూపము చెరగిపోదు. మార్కులు ఈ దిద్దుబాట్లపై జరిగిన చర్చకు ఈయవలెనని మా అభిప్రాయము. అయితే పదుగురి మాట ప్రమాణము కాదు, ఆధారము చూపవలెను. ఇచట భాషాశాఖల సాయము తప్పదు: తాత, మనుమడు ఇరువురును వేదము వేంకటరాయశాస్త్రులే. ఏ గ్రంథము ఎవరిదో సూచీకర్త ఒంటరిగా తేల్చజాలడు.