వేసవిలో కళాశాల - పంకాల లెక్క

బొబ్బిలి యనగానే 1757 నాటి యుద్ధమును, పనసకర్రతో మలచు వీణను తలచుకొందుము. వైశాఖమున ఆ ఊరి కళాశాలలో, పై అంతస్తున పరీక్ష వ్రాయు విద్యార్థికి తోచునది మాత్రము ఉక్కపోత యొక్కటే. అతని తలపై పంకాను ఆపి చేయు పొదుపు పొదుపు కాదు.

పంకా గదిని చల్లబరచదు. చెమటను ఆర్చి మనిషిని చల్లబరచును. ఖాళీ గదిలో తిరుగు పంకా తన మోటారు వేడిని గాలిలో కలుపుట తప్ప వేరొక పని చేయదు.

పాత పంకాకు సుమారు 75 వాట్లు కావలెను. బి.ఎల్.డి.సి. మోటారు గల కొత్త పంకాకు 30 వాట్లు చాలును. నూరు పంకాలు దినమునకు 8 గంటలు తిరిగినచో మొదటి వానికి 60 యూనిట్లు, రెండవ వానికి 24. పాతకాలపు పెట్టె రెగ్యులేటరుతో వేగము తగ్గించినను కలిసివచ్చునది స్వల్పమే. మిగిలినదనుకొన్న విద్యుత్తులో చాల భాగము ఆ పెట్టెలోనే వేడియై పోవును. చేయి పెట్టి చూచినవారెరుగుదురు.

అసలు వేడి దిగునది కప్పునుండి. మిద్దెపై తెల్లసున్నము పూసినచో ఎండలో అధికభాగము ఆకాశమునకే మరలును. వట్టివేళ్ల తడికలు పొడిగాలిలో మేలు. మన ఉక్కలో నీరు త్వరగా ఆరదు గనుక వాని ఫలితము తక్కువ.

ప్రయోగశాలకు శీతలయంత్రము తప్పనిచో 24 డిగ్రీలవద్ద నిలుపుట చాలును. ఇక సాయంకాలము మీటలు ఆపు పని నౌకరుపై మోపినచో జరుగదు. కడపట గది వీడు విద్యార్థియే ఆపవలెను.