బరువును బట్టి శిక్ష... చికిత్సకు వస్తే రక్షణ

గత విద్యా సంవత్సరం మధ్యలో ఒక తల్లి మా బడికి వచ్చారు. కొంగు ముడి విప్పి సగం ఖాళీ అయిన మాత్రల అట్ట బల్లమీద పెట్టారు. కొడుకు చొక్కా ఉతకబోతే జేబులో దొరికిందట. అవి తీవ్రమైన నొప్పులకు ఇచ్చే మాత్రలు. "పోలీసులకు తెలిస్తే నా బిడ్డను జైల్లో పెడతారా సార్?" అన్నదే ఆమె అడిగిన ఒక్క ప్రశ్న. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. అందుకే మేము ఉపాధ్యాయులం కూర్చుని చట్టం చదివాం. తెలుసుకున్నది మన బడుల తల్లిదండ్రులందరికీ చెప్పాలనిపించింది.

గుడియాత్తం నుంచి పలమనేరు దారి పట్టినా, వేలూరు నుంచి చిత్తూరు బస్సెక్కినా కాసేపట్లో రాష్ట్రం మారిపోతుంది. మద్యం విషయంలో రాష్ట్రానికో చట్టం ఉంది. హెరాయిన్, మార్ఫిన్, నల్లమందు వంటి వాటికి మాత్రం దేశమంతటా ఒకటే చట్టం. అదే 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం. ఎన్‌డీపీఎస్ అని పత్రికల్లో చదివేది దీని గురించే. 2018లో ట్రమడాల్ అనే నొప్పి మాత్రను కూడా దీని కిందికి తెచ్చారు.

ఈ చట్టంలో శిక్షను బరువు నిర్ణయిస్తుంది. హెరాయిన్ 5 గ్రాముల వరకు ఉంటే స్వల్ప పరిమాణం. దానికి ఏడాది వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 250 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. అప్పుడు 10 ఏళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్షకు తగ్గకుండా రెండు లక్షల వరకు జరిమానా. ఈ రెంటికీ మధ్య ఉంటే 10 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. నల్లమందుకు ఈ హద్దులు 25 గ్రాములు, రెండున్నర కిలోలు. పొట్లంలో అసలు మందు కొంచెమే, మిగతాది కలిపిన పొడి అన్నా తప్పించుకోలేరు. కలిపిన దానితో సహా మొత్తం బరువునే లెక్కించాలని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

వాణిజ్య పరిమాణం కేసుల్లో బెయిలు దొరకడం చాలా కష్టం. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం న్యాయమూర్తికి కనిపించాలి. "సంచిలో ఏముందో నాకు తెలియదు" అనే మాటను రుజువు చేసుకోవలసిన భారం కూడా నిందితుడిదే. తమిళనాడులో దీనికి తోడు 1982 నాటి రాష్ట్ర చట్టం ఒకటుంది. జనం గూండా చట్టం అనేది దాన్నే. మత్తుమందుల నేరస్తులను దాని కింద విచారణ లేకుండా ఏడాది వరకు నిర్బంధించవచ్చు.

అందుకే "ఈ పొట్లం ఆ అన్నకు ఇచ్చి రా, యాభై రూపాయలిస్తా" అన్న మాట మన పిల్లల చెవిన పడకముందే మనం వాళ్లకు చెప్పి ఉంచాలి. పేరు, చిరునామా అరువివ్వడం కూడా అంతే ప్రమాదం. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో సుమారు 3 వేల కిలోల హెరాయిన్ పట్టుబడింది. టాల్కమ్ రాయి అని రాసి తెచ్చిన ఆ సరుకు విజయవాడ చిరునామాతో నమోదైన ఒక సంస్థ పేరున వచ్చింది. "నీ పేరుతో ఒక పార్సిల్ వస్తుంది, తీసి పెట్టు" అని ఎవరైనా అడిగితే కాలేజీ పిల్లలు కాదనడం నేర్చుకోవాలి.

18 ఏళ్లు నిండని పిల్లలు తప్పు చేస్తే పెద్దల జైలుకు పంపరు. వాళ్ల విషయం బాలల న్యాయ మండలి చూస్తుంది. అయితే 16 దాటిన పిల్లలు వాణిజ్య పరిమాణం వంటి ఘోర నేరంలో ఉంటే, పెద్దవారిలా విచారించాలా అన్నది మండలి పరిశీలిస్తుంది. పిల్లలకు మత్తుమందు ఇచ్చినవారికి, పిల్లలచేత మోయించినా అమ్మించినా ఆ పని చేయించినవారికి, 2015 బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. బడి దగ్గరలో జరిగిన నేరానికి కనీస శిక్షకన్నా ఎక్కువ వేయడానికి మాదకద్రవ్యాల చట్టమే దారి చూపింది.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న. వాడటం కూడా నేరమే. హెరాయిన్, మార్ఫిన్ వాడితే ఏడాది వరకు జైలు లేదా 20 వేల వరకు జరిమానా పడవచ్చు. కానీ అదే చట్టంలో 64-ఏ సెక్షన్ ఉంది. వాడిన నేరంలోనో, స్వల్ప పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో గానీ చికిత్సకు చేరి పూర్తి చేసుకుంటే, అతనిపై ఆ విచారణ ఉండదు. మధ్యలో మానేస్తే ఈ రక్షణ పోవచ్చు. అంటే దాచిపెట్టడం వల్ల బిడ్డకు మేలు జరగదు. త్వరగా బయటపెట్టడమే మేలు.

ఒక మాట మరవకూడదు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు రాసిచ్చే మార్ఫిన్ నేరం కాదు, అవసరం. అలాంటి మందులు రోగులకు సులువుగా అందాలనే 2014లో చట్టాన్ని సవరించారు. ఇంట్లో అవ్వకు ఇచ్చిన మాత్రలను తాళం వేసి ఉంచితే చాలు, భయపడి ఆపేయవద్దు.

మన బడి గోడల మీది హెచ్చరికలు తమిళంలో, ఇంగ్లిషులో ఉంటాయి. పిల్లలు చదువుతారు. ఇంట్లో భయపడే అమ్మకు మాత్రం తెలుగులో చెప్పాలి. అందుకే తల్లిదండ్రుల సమావేశంలో పావుగంట ఈ విషయానికి కేటాయిస్తున్నాం. వ్యసన విముక్తి సలహాకు 14446, పిల్లల సహాయానికి 1098, అమ్మేవారి సమాచారం చెప్పడానికి 1933 నంబర్లను డైరీ మొదటి పేజీలో రాయిస్తున్నాం.

ఆ తల్లికి ఆలస్యంగానైనా జవాబు చెప్పగలిగాం. అబ్బాయిని తీసుకుని ఆమె ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లారు, మాలో ఒకరం తోడు వెళ్లాం. వాడు ఇప్పుడు మళ్లీ తరగతిలో కూర్చుంటున్నాడు. ఇలాంటి అట్ట మీ ఇంట్లో కనిపిస్తే బడికి రండి. ఏం చేయాలో కలిసి చూద్దాం.